వాపు మందు గుండె నరాలను కాపాడుతుందా?

గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరిన మనిషి వారం తిరక్కుండా నడుచుకుంటూ ఇంటికి వస్తే, ఇంటిల్లిపాదికీ పోయిన ప్రాణం లేచివచ్చినట్లవుతుంది. "గండం గడిచింది, ఇక ఫరవాలేదు" అంటారు చూడవచ్చిన బంధువులు. పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారు, స్టెంటు వేశారు, ఇంకా భయమెందుకు? ఈ మాటలో చాలావరకు నిజమున్నది. కాని కథ అక్కడితో ముగియదు. పోటు దెబ్బ కండరానికే కాదు, గుండెలోని నరాలకు కూడా తగులుతుంది. కండరం గాయం కొద్దివారాల్లో మచ్చకడుతుంది. నరాల గాయం మాత్రం నెలలూ సంవత్సరాలూ వేధించవచ్చును.

మొదట ఒక మాట సరిచూచుకుందాం. "మా బావగారికి గుండె నరాలు రెండు మూసుకుపోయాయి" అనటం మన ఇళ్లలో పరిపాటి. అవి నరాలు కావు. గుండె కండరానికి రక్తాన్ని తెచ్చే నాళాలు. ఇక్కడ మనం చెప్పుకునే నరాలు వేరు. మెదడునుంచి గుండెకు కబురు తెచ్చే సన్నని తంతువులవి. వీటిలో రక్తం పారదు, ఆజ్ఞలు పారుతాయి.

ఈ నరాలను వాపు తగ్గించే మందులతో కాపాడవచ్చునా అని శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. వాపు తగ్గించే మందులు మన ఇళ్లలోనూ లేకపోలేదు. మోకాళ్ల నొప్పికీ నడుము నొప్పికీ కొనిపెట్టుకున్నవి బీరువాలోనో వంటింటి అలమారలోనో ఉండనే ఉంటాయి. "అవే వేసుకుంటే సరిపోదా?" అని ఎవరికైనా తోచవచ్చును. అలా తోచటంలోనే ప్రమాదమున్నది. అదెట్లాగో తెలియాలంటే నరాల సంగతి కొంత చూడాలి.

గుండెకు రెండు కళ్లాలు

గుండె ఎవరు చెప్పకపోయినా కొట్టుకుంటుంది. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కవేస్తే రోజుకు లక్షకు పైగా. ఆ లయ పుట్టే చోటు గుండెలోనే ఉన్నది. నరాలు చేసే పని లయ పుట్టించటం కాదు, దాన్ని అదుపులో పెట్టటం. బండికి ఎద్దులున్నా కళ్లాలు పట్టేవాడు కావాలి గదా!

ఆ కళ్లాలు రెండు. మెట్లెక్కినా, కోపం వచ్చినా, కుక్క తరిమినా గుండెను పరుగెత్తించేది మొదటిది. దీన్ని సింపథెటిక్ నరాల వ్యవస్థ అంటారు. మెడ మొదట్లో నక్షత్రంలా ఉండే నరాల ముడినుంచి దీని తంతువులు చాలావరకు గుండెకు వస్తాయి. రెండవది వేగస్ నరం. భోంచేసి నడుం వాల్చినప్పుడు గుండెను నెమ్మదింపజేసేది ఇదే. వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే గుండె ఆగుతుందని జర్మనీలో వెబర్ సోదరులు 1845లోనే చూపించారు.

నరం గుండెతో ఏ భాషలో మాట్లాడుతుందో కనిపెట్టిన కథ మరీ చిత్రమైనది. ఆస్ట్రియాలో గ్రాజ్ పట్టణంలో ఆటో లోవీ అనే ప్రొఫెసరు ఉండేవాడు. ఒక రాత్రి ఆయనకు కలలో ఒక ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడు. తెల్లవారి చూచుకుంటే తన వ్రాత తనకే అర్థం కాలేదు! మరునాటి రాత్రి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన కాగితాన్ని నమ్ముకోలేదు. తిన్నగా ప్రయోగశాలకు వెళ్లాడు. ఒక కప్ప గుండెకున్న వేగస్ నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండవ కప్ప గుండెకు అందించాడు. రెండవ గుండె కూడా నెమ్మదించింది! అంటే నరం తన కబురును ఒక రసాయనం చేతికిచ్చి పంపుతున్నదన్నమాట. 1921లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. 1936లో సర్ హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ కల కథ ఆయన స్వయంగా చెప్పినదే.

కళ్లాలు తెగితే గుండె ఎట్లా ఉంటుందో తెలుసుకోవటానికి గుండె మార్పిడి చేయించుకున్నవారే సాక్ష్యం. మార్చిన గుండెకు నరాలు ఉండవు. అది కొట్టుకుంటూనే ఉంటుంది; కాని విశ్రాంతిలో కూడా నిమిషానికి 90 నుంచి 110 సార్లదాకా. మెట్లెక్కినప్పుడు వెంటనే వేగం పుంజుకోదు, కూర్చున్నప్పుడు వెంటనే తగ్గదు.

పోటు పడ్డచోట ఏమవుతుంది?

గుండెపోటంటే గుండె కండరంలో ఒక భాగానికి రక్తం అందకపోవటం. రక్తం లేకపోతే కండరం చస్తుంది. ఆ భాగంలోని నరాల కొసలు అంతకంటే సుకుమారమైనవి గనుక ముందే దెబ్బతింటాయి. ప్రత్యేకమైన స్కానింగుతో చూచినప్పుడు, నరాలు పోయిన మేర కండరం చచ్చిన మేరకంటే ఎక్కువగా కనబడటం వైద్యులు గమనించారు. అంటే బ్రతికి ఉన్న కండరంలో కూడా కొంత భాగానికి కబురందటం లేదన్నమాట.

కథ ఇంతటితో ఆగినా కొంత నయమే. తెగిన నరాలు మళ్లీ చిగురు వేయటం మొదలుపెడతాయి. తోటలో కొమ్మ కొట్టేస్తే పక్కనుంచి గుబురుగా చిగుళ్లు వచ్చినట్లే, మచ్చ అంచుల్లో నరాలు అతిగా పెరుగుతాయి. మచ్చ లోపలికి మాత్రం పోలేవు. అక్కడ పేరుకున్న కొన్ని పదార్థాలు గోడలా అడ్డుపడతాయి. కడకు ఒకచోట నరాలే ఉండవు, పక్కనే మరొకచోట మితిమీరి ఉంటాయి. ఒకే ఊళ్లో ఒక వీధికి బొత్తిగా నీళ్లు రాక, పక్కవీధి వరదలో మునిగినట్లుంటుంది గుండె పరిస్థితి.

దీనివల్ల నష్టమేమిటంటారా? గుండె కండరమంతా ఒకే తాళానికి ముడుచుకోవాలి. కబురు ఒకచోట అతిగా, ఒకచోట బొత్తిగా లేకుండా అందితే తాళం తప్పుతుంది. తాళం బాగా తప్పితే గుండె కొట్టుకోవటం మాని గజగజ వణుకుతుంది. రక్తం ముందుకు పోదు. నిమిషాల్లో మనిషి కూలిపోతాడు. పోటు వచ్చి కోలుకొని, నెలల తరువాత బాగానే తిరుగుతున్నవారు ఉన్నట్టుండి పోవటం మనం వింటూ ఉంటాం. వాటన్నిటికీ నరాలే కారణమని చెప్పలేము. కాని వీటి వాటా తక్కువేమీ కాదు. అమెరికాలో బఫెలో నగరపు వైద్యులు గుండె బలహీనపడ్డ 204 మందిని స్కానింగుతో పరీక్షించి, కొన్ని సంవత్సరాలు కనిపెట్టి చూచి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఎవరి గుండెలో నరాలు ఎక్కువ మేర పోయినవో వారిలోనే గుండె హఠాత్తుగా ఆగటం ఎక్కువగా కనిపించింది.

వాపు మిత్రుడా, శత్రువా?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. దెబ్బతిన్న చోటికి తెల్లకణాలు పరుగెత్తి వచ్చి చచ్చిన కణాలను మింగి శుభ్రం చేస్తాయి. ఆ సందడే మనకు వాపుగా కనబడుతుంది. గుండెపోటులోనూ ఇదే జరుగుతుంది. కంటికి కనబడదు, అంతే. మొదటి రోజుల్లో ఒకరకం తెల్లకణాలు వచ్చి చెత్త ఊడుస్తాయి. తరువాత వచ్చేవి మరమ్మతు మొదలుపెడతాయి. మరమ్మతు సరిగా జరిగితే గట్టి మచ్చ కడుతుంది. జరగకపోతే గుండె గోడ పలచబడి ఉబ్బుతుంది, ఒక్కొక్కప్పుడు చిరిగిపోతుంది కూడా.

అయితే ఈ తెల్లకణాలే నరాలు పెరగటానికి కావలసిన ఎరువును కూడా తయారుచేస్తాయి. ఎలుకల్లో ఈ సంగతి స్పష్టంగా కనిపించింది. ఆ కణాలను మందుతో తగ్గిస్తే నరాల అతిపెరుగుదల కూడా తగ్గింది. "ఇంకేం, తగ్గించేద్దాం" అనకండి. మరో ప్రయోగంలో అవే కణాలను పోగొడితే చిట్టెలుకల గుండె గాయం సరిగా మానక గుండె ఉబ్బిపోయింది! ఇల్లు కాలినప్పుడు నీళ్లు చల్లటానికి వచ్చినవారు తోటను తొక్కేస్తున్నారని వారిని గేటు దగ్గరే ఆపితే ఇల్లు దక్కుతుందా? ఎవరిని, ఎప్పుడు, ఎంతవరకు ఆపాలన్నదే అసలు చిక్కు.

వాపు దెబ్బ గుండెలో ఉన్న నరాలతోనే ఆగదని జర్మనీలో మ్యూనిక్ శాస్త్రజ్ఞులు 2023లో చూపించారు. గుండెజబ్బు ఉన్నవారిలో చాలామందికి రాత్రి నిద్ర పట్టదు. దిగులువల్లననో వయస్సువల్లననో సరిపెట్టుకునేవాళ్లం. వారు చూచిందేమిటంటే, మెడలో ఉన్న ఒక నరాల ముడినుంచి గుండెకూ తంతువులు పోతాయి, మెదడులో నిద్రకు సంబంధించిన మెలటోనిన్ తయారుచేసే చిన్న గ్రంథికీ పోతాయి. గుండెజబ్బు వచ్చినప్పుడు ఆ ముడిలోకి తెల్లకణాలు చొరబడి, వాపు పుట్టించి, గ్రంథికి పోయే తంతువులను పాడుచేస్తాయి. మెలటోనిన్ తగ్గిపోతుంది, నిద్ర చెడిపోతుంది. చిట్టెలుకల్లో ఆ కణాలను ముందుగానే అణచివేస్తే తంతువులు నిలిచాయి. వాపును అదుపులో పెట్టి నరాలను కాపాడవచ్చుననే ఆశకు ఇది మంచి ఆధారం. కాని ఇది చిట్టెలుకల్లో మాట. మనుషులకు మందుగా ఇంకా రాలేదు.

మనుషుల్లో జరిగిన పరీక్షలు

వాపును అణచి గుండెను కాపాడాలన్న ఆలోచన కొత్తది కాదు. స్టిరాయిడ్లు వాపును అణచటంలో మొనగాళ్లు. పోటు వచ్చినవారికి వాటిని పదేపదే ఇచ్చి చూచిన అమెరికా వైద్యులు 1976లో తమ ఫలితాలు ప్రకటించారు. మేలు జరగకపోగా గుండె గాయం ఇంకా పెద్దదయినదని తేలింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

2017లో కనకినుమాబ్ అనే ఇంజక్షనును పూర్వం పోటు వచ్చిన 10,061 మందిలో పరీక్షించారు. ఇది వాపులో ఒకే ఒక కబురును అడ్డగించే మందు. మళ్లీ పోటు రావటం కొంత తగ్గింది. వాపుకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం మనుషుల్లో రుజువయింది. కాని మందు తీసుకున్నవారిలో ప్రాణాంతకమైన అంటురోగాలు కొంత పెరిగాయి. వాపు మన రక్షకభటుడు గదా; వాడి చేతులు కట్టేస్తే దొంగలు రాకుండా ఉంటారా?

ఆ తరువాత అందరి దృష్టీ కాల్చిసిన్ అనే పాత మందు మీద పడింది. ఇది కీళ్లవాతాల్లో ఒకటైన గౌట్‌కు వాడేది. ఐరోపాలో ఒక దుంపజాతి మొక్కనుంచి వచ్చింది. 1820లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు విడదీశారు. ఆ జాతిదే కాశ్మీరపు సురంజాన్ దుంప. యునానీ హకీములు కీళ్లనొప్పులకు వాడతారు. మన అడవుల్లో, కంచెల మీద అగ్నిజ్వాలలాంటి పూలు పూసే అడవినాభి దుంపలోనూ ఈ కాల్చిసిన్ ఉన్నది. అది కొద్దిగా తిన్నా ప్రాణం తీసే విషం. మందులో ఉన్నది గదా అని దుంప జోలికి పోరాదు.

2019లో కెనడా వైద్యుల నాయకత్వంలో 4,745 మందికి, పోటు వచ్చిన 30 రోజుల లోపల, రోజుకు అర మిల్లీగ్రాము చొప్పున కాల్చిసిన్ గాని ఉత్త బిళ్ల గాని ఇచ్చిన పరీక్ష వెలువడింది. మరణం, మళ్లీ పోటు, పక్షవాతం మొదలైనవాటిని కలిపి లెక్కవేస్తే, ఉత్త బిళ్ల వారిలో నూటికి 7.1 మందికి, మందు వారిలో 5.5 మందికి అవి వచ్చాయి. 2020లో ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ దేశాల్లో 5,522 మంది మీద జరిగిన పరీక్షలోనూ మేలు కనబడింది. 2023లో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ ఈ కొద్ది మోతాదును గుండెజబ్బుకు వాడటానికి అనుమతించింది. అందరూ సంతోషించారు. అంతలో 2024లో, పోటు వచ్చిన 7,062 మందికి ఇచ్చి చూచిన మరో పెద్ద పరీక్ష వచ్చింది. మందు వారిలో 9.1, ఉత్త బిళ్ల వారిలో 9.3. దాదాపు తేడా లేదు! విరేచనాలు మాత్రం మందు వారిలో ఎక్కువయ్యాయి.

ఈ పరీక్షల్లో లెక్కించింది మరణాలనూ పోట్లనూ గాని నరాలను కాదు. పైగా కాల్చిసిన్ మోతాదు మించినా, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నా, కొన్ని ఆంటీబయాటిక్ మందులతో కలిసినా నరాలనూ కండరాలనూ అదే పాడుచేయగలదు. కాపలా పెట్టినవాడే దొంగయ్యే సందర్భమిది. కనుక ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వరాదో వైద్యుడు నిర్ణయించవలసినదే.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సంగతి

ఇప్పుడు అలమారలో ఉన్న మాత్రల దగ్గరకు వద్దాం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి వాపునూ నొప్పినీ తగ్గించేవే. కాని ఇవి పనిచేసే దారి వేరు. రక్తం గడ్డకట్టకుండా చూచే సమతూకాన్ని ఇవి చెడగొట్టగలవు; ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవచేసి రక్తపుపోటును పెంచగలవు; కడుపులో పుండు పుట్టించగలవు. ఇదే తెగకు చెందిన రోఫెకాక్సిబ్ అనే మందువల్ల గుండెపోట్లు పెరుగుతున్నవని తేలి, 2004 సెప్టెంబరు 30న ప్రపంచమంతటా అమ్మకం నిలిపివేశారు.

పోటు వచ్చినవారికి ఈ తెగ మందులు ఎంత చేటో డెన్మార్కు దేశపు లెక్కలు చెబుతాయి. అక్కడ పోటు వచ్చి బ్రతికిన 83,677 మంది వివరాలు తీసి 2011లో ప్రకటించారు. వారిలో నూటికి 42 మంది ఏదో ఒకప్పుడు ఇటువంటి మాత్రలు వాడినవారే. వాడినవారిలో మరణమూ మళ్లీ పోటూ ఎక్కువ. నెలల తరబడి వాడితేనే కాదు, మొదటి వారంలోనే ప్రమాదం పెరగటం కనిపించింది. అందులో డైక్లోఫెనాక్ మరీ చెడ్డది.

ఆస్పిరిన్ కూడా ఇదే కుటుంబం గదా అని మీరు అడగవచ్చును. నిజమే, కాని పోటు వచ్చినవారికి ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరిన్ వాపుకోసం కాదు, రక్తం గడ్డకట్టకుండా. దాన్ని సొంత నిర్ణయంతో మానరాదు. ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆ ఆస్పిరిన్ పనికి కూడా అది అడ్డుపడవచ్చును. ఒక మాత్రతో కీలు నొప్పి తగ్గుతుంది. గుండెకున్న కాపలా తొలగుతుంది.

మన ఇళ్లలో ఇది ఎట్లా జరుగుతుందో అందరికీ తెలిసినదే. తాతగారికి పోటు వచ్చి ఆరునెలలు. మోకాళ్లు పీకుతున్నవి. మనవణ్ణి మందుల షాపుకు పంపిస్తారు. "మొన్న బామ్మకు ఇచ్చిన మాత్రలే రెండు ఇవ్వండి" అంటాడు వాడు. షాపు అతను ఇచ్చేస్తాడు. బామ్మకు పనికివచ్చినది తాతగారికి పనికిరాదని ఎవరికీ తోచదు. అందరిదీ ప్రేమే, ప్రమాదం కూడా అందులోనుంచే వస్తుంది. పోటు వచ్చినవారికి నొప్పి పుడితే కాపడం, తేలికపాటి వ్యాయామం, డాక్టరు సరేనంటే పారసెటమాల్ మొదట చూడవలసినవి. ఎవరికి ఏ మందు చూపించినా "నాకు గుండెపోటు వచ్చింది" అన్న మాట ముందు చెప్పాలి.

మరి నరాలకు నేడున్న రక్షణ?

అన్నిటికంటే గొప్ప రక్షణ కాలం. నాళం ఎంత త్వరగా తెరిస్తే అంత కండరమూ, అన్ని నరాలూ దక్కుతాయి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు కనబడితే "గ్యాసు" అని సోడా తాగిస్తూ కూర్చోరాదు. 108కి ఫోను చేయాలి. మధుమేహం ఉన్నవారి సంగతి మరీ జాగ్రత్త. చాలా ఏళ్లుగా చక్కెర ఎక్కువైతే నొప్పి తెలిపే నరాలే మొద్దుబారతాయి. వారికి పోటు నొప్పి లేకుండా రావచ్చును. ఉత్త ఆయాసం, నీరసం, చెమటగానే కనబడవచ్చును. చక్కెరను అదుపులో పెట్టుకోవటమంటే గుండె నరాలను కాపాడుకోవటమే.

రెండవది, పరుగెత్తించే కళ్లాన్ని కాస్త బిగబట్టే బీటా బ్లాకర్లు. 1981లో అమెరికాలో 3,837 మంది మీద జరిగిన పరీక్షలో ప్రొప్రనొలాల్ వాడినవారిలో నూటికి 7.2 మంది, వాడనివారిలో 9.8 మంది మరణించారు. స్టెంట్ల కాలంలో, గుండె బలం తగ్గనివారికి ఇవి అంతగా అక్కరలేదేమో అని 2024లో స్వీడన్ తదితర దేశాల్లో జరిగిన పరీక్ష సూచించింది. కాబట్టి ఇది కూడా మనిషినిబట్టి ఉంటుంది. వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా మానరాదు. బిగబట్టిన కళ్లాన్ని హఠాత్తుగా వదిలితే గుండె దౌడుతీస్తుంది.

మూడవది డబ్బు ఖర్చులేని మందు: డాక్టరు చెప్పిన మేరకు రోజూ నడక, పొగ మానటం, వేళకు నిద్ర. క్రమమైన నడక వేగస్ నరానికి బలమిస్తుంది. నిద్ర పట్టకపోతే "వయస్సు మీరింది" అని ఊరుకోక ఆ మాట కూడా డాక్టరు చెవిని వేయాలి.

వాపును తెలివిగా అదుపుచేసి గుండె నరాలను నిలబెట్టే మందు ఒకనాటికి రావచ్చును. అమెరికాలో ఆరిగాన్ శాస్త్రజ్ఞులు 2015లో మరో దారి పట్టారు. మచ్చలో నరాలకు అడ్డుపడే గోడ ప్రభావాన్ని తప్పించి, చిట్టెలుకల గుండెలో నరాలు తిరిగి పెరిగేటట్లు చేశారు. గుండె తాళం తప్పటం కూడా తగ్గింది. ఆశకు చోటున్నది. ఆ మందు డాక్టరు చేతిమీదుగా వచ్చేదాకా, పోటు వచ్చి కోలుకున్నవారు ఉన్న ఇంట్లో ఈ ఆదివారం ఒక పని చేయండి. మందుల డబ్బా దించి, నొప్పి మాత్రల అట్టలన్నీ తీసి ఒక కవరులో వేయండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోయి, ఏది ఉంచాలో, ఏది పారవేయాలో అడగండి.